పై కోర్టు జడ్జిగా ఇరవై ఏళ్లు

చీరాల కోర్టులో కేసు ఓడితే ‘పై కోర్టుకు పోదాం’ అనుకుంటాం. అలాంటి పై కోర్టుల్లో దాదాపు ఇరవై ఏళ్లు తీర్పులు చెప్పిన జస్టిస్ ఎస్.అబ్దుల్ నజీర్ 2023 ఫిబ్రవరిలో మన రాష్ట్ర గవర్నరయ్యారు.

కర్ణాటకలో 1983లో న్యాయవాదిగా చేరి, 2003లో అక్కడి హైకోర్టుకు, 2017లో సుప్రీంకోర్టుకు జడ్జి అయ్యారు. ఆ ఆగస్టు 22న మూడు తలాక్‌ల పద్ధతి చెల్లదని ముగ్గురు జడ్జీలు తేల్చారు. ప్రధాన న్యాయమూర్తి ఖేహర్, నజీర్ మాత్రం పార్లమెంటు చట్టం చేయాలని, అంతవరకు ఆరు నెలలు ఆ తలాక్ ఆపాలని రాశారు. 2019 నవంబరు 9న అయోధ్య స్థలాన్ని ఆలయానికిచ్చిన ఏకగ్రీవ తీర్పులో ఐదుగురిలో ఆయనొకరు.

మనవాడని మెచ్చుకోవడం, మనవాడై ఇలా చెప్పాడా అని నొచ్చుకోవడం రెండూ విన్నాం. జడ్జిని పేరుతో కాదు, తీర్పులో రాసిన కారణాలతో తూచాలని మా మనవి.