ఏకసంథాగ్రాహికి ఐక్యూ ఎంత?

మా పై ఫ్లాట్లో బాబుకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు. మొన్న లిఫ్టులో అంటించిన ‘గ్యాస్ బండలు లిఫ్టులో తీసుకెళ్లరాదు’ అన్న నోటీసును ఎక్కడా కూడబలుక్కోకుండా గడగడా చదివేశాడు. వాళ్ల నాయనమ్మ ఇంట్లోకి వెళ్లగానే ఉప్పుతో దిష్టి తీసింది. వాళ్లమ్మ మాత్రం ఫోను చేతిలోకి తీసుకుని నన్నడిగింది: “వీడికి ఐక్యూ టెస్టు చేయిస్తే ఎలా ఉంటుందండీ?”

చేయించవచ్చు. కానీ ఆ అంకె చేతికొచ్చిన మర్నాడు దాంతో ఏం చేయబోతున్నారు? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే.

ఒక్కసారి వింటే పట్టేసేవాణ్ని మనవాళ్లు ఏకసంథాగ్రాహి అన్నారు గానీ, దానికి అంకె వేయలేదు. అంకె వేయడం పారిస్‌లో మొదలైంది, అదీ మెరికల్ని ఏరడానికి కాదు. బడిలో వెనకబడుతున్న పిల్లల్లో ప్రత్యేక సాయం ఎవరికి కావాలో తేల్చడానికి ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ 1905లో ఒక ప్రశ్నల వరస తయారుచేశారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ లూయిస్ టెర్మన్ దాన్ని 1916లో తిరగరాశాడు, 1921 నుంచి మేధావి పిల్లల వేటకు వాడాడు. సుమారు 1,500 మందిని ఎంచుకుని వాళ్లు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చాడు. ఆ జల్లెడలో నిలవకుండా జారిపోయినవాళ్లలో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ అనే ఇద్దరు కుర్రాళ్లున్నారు. తర్వాత ఇద్దరికీ ఫిజిక్సులో నోబెల్ వచ్చింది. జల్లెడలో నిలిచినవాళ్లలో ఒక్కరికీ రాలేదు.

పసిపిల్లల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. పాత పద్ధతిలో పిల్లల మానసిక వయసును అసలు వయసుతో భాగించి, వందతో హెచ్చిస్తారు. నాలుగేళ్ల బాబు ఐదేళ్లవాళ్ల పని చేస్తే 125. పదేళ్ల పాప పదకొండేళ్లవాళ్ల పని చేస్తే 110. ఇద్దరూ ముందున్నది ఒక్క ఏడాదే. ఆ ఒక్క ఏడాదీ ఇంట్లో తాతయ్య కథలు చెప్పడం వల్లో, అక్క పక్కన కూర్చుని అక్షరాలు దిద్దడం వల్లో వచ్చి ఉండొచ్చు. రెండు మూడు తరగతులు దాటేసరికి తోటివాళ్లు అందుకోవడం మామూలే. అందుకే వెక్‌స్లర్ తరహా కొత్త పరీక్షలు భాగహారం మానేసి, ఒకే వయసు పిల్లలతో పోలుస్తాయి. సగటు 100. 130 దాటేవాళ్లు వందకు ఇద్దరు. అయినా మన దగ్గర ఇప్పటికీ చాలాచోట్ల వాడే బినే–కామత్ పరీక్ష మానసిక వయసు లెక్కదే. పరీక్ష పాతదైతే ఇంకో చిక్కు కూడా ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో ఐక్యూ మార్కులు పదేళ్లకు ఇంచుమించు మూడు చొప్పున పెరుగుతూ వచ్చాయని జేమ్స్ ఫ్లిన్ చూపించాడు. అంటే తాతల కాలం పిల్లలతో పోలిస్తే నేటి పిల్లలందరూ కాస్తో కూస్తో మేధావులే అవుతారు!

ఇక పరీక్ష రోజు సంగతి. కొత్త గది, కొత్త ఆంటీ, నిద్రవేళ. బొమ్మ చూపించి “ఇందులో ఏం తప్పుంది?” అని ఆవిడ అడిగితే, “అమ్మ ఏది?” అంటాడు బాబు. దానికి సున్నా పడుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లను ఇంగ్లీషులో అడిగితే కొలిచింది తెలివినో, ఇంగ్లీషునో చెప్పలేం.

న్యూయార్క్ నగరంలో ఏళ్ల తరబడి నాలుగేళ్ల పిల్లలకు ఇలాంటి పరీక్ష పెట్టి ప్రత్యేక తరగతుల్లో సీట్లిచ్చారు. దానికీ కోచింగులు పుట్టుకొచ్చాయి; కోచింగ్ అనే మాట మనకు వివరించక్కర్లేదు. 2021లో ఆ పరీక్షను ఎత్తేశారు. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీ మరో దారి పట్టింది. పెద్దలు సిఫార్సు చేసిన పిల్లలకే కాకుండా రెండో తరగతి మొత్తానికి ముందు ఒక చిన్న వడపోత పరీక్ష పెట్టింది. అంతవరకూ ఎవరి కంటా పడని పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు ఎక్కువమంది బయటపడ్డారు. నన్నడిగితే పరీక్షకు అసలైన ప్రయోజనం అక్కడుంది. డబ్బులిచ్చి చేయించగల ఇంటి పిల్లవాణ్ని గుర్తించడానికి పరీక్ష దేనికి, వాణ్ని గుర్తించేవాళ్లు ఇంటి నిండా ఉంటే?

అమెరికాలో ఉన్న మనవాళ్లకు బడిలోనే ఇలాంటి పరీక్ష పెడితే రాయనివ్వవచ్చు. అక్కడ ఆ అంకెకు తెరుచుకునే తలుపు ఒకటుంది. ఇక్కడ ఏ తలుపుంది? 2009 విద్యాహక్కు చట్టం బడిలో చేర్చుకోవడానికి పిల్లల్ని వడపోయకూడదంటోంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిభగల పిల్లల్ని ప్రోత్సహించాలంది గానీ, ఎల్‌కేజీ టీచరు ముందు ఉన్న నలభైమంది అలాగే ఉన్నారు. నవోదయ పరీక్ష ఆరో తరగతికి. అందాకా ఆ అంకె ఫైల్లో ఉంటుంది, లేదా బంధువుల వాట్సాప్ గ్రూపులో.

అలాగని ఎప్పుడూ వద్దని కాదు. మూడేళ్లకే బోర్డులన్నీ చదివేస్తూ, “నీ పేరేంటి?” అంటే “నీ పేరేంటి?” అని తిరిగి అనే పిల్లలుంటారు. అక్షరం వచ్చింది, మాట వెంట అర్థం రాలేదు. దీన్ని హైపర్‌లెక్సియా అంటారు. కొందరిలో ఇది ఆటిజంతో కలిసి ఉంటుంది. మేధావి అని మురిసిపోతూ కూర్చుంటే సాయం అందాల్సిన సమయం పోతుంది. ఆ పిల్లల్ని వెంటనే పిల్లల ఎదుగుదల చూసే డాక్టరుకు చూపించాలి. ఇంకొందరు నోటితో అద్భుతంగా వివరిస్తారు, రెండో తరగతికొచ్చినా నాలుగు మాటలు తప్పుల్లేకుండా రాయలేరు. బళ్లో మొద్దు అనిపించుకుంటారు. వాళ్లకు పరీక్ష చేయించి తీరాలి. అయితే చూడాల్సింది మొత్తం అంకెను కాదు, విభాగాల వారీగా మార్కుల్లో ఉన్న ఎగుడుదిగుళ్లను.

చేయిస్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరే చేయించండి. ఏ పరీక్ష, ఏ భాషలో, ఏ కాలం పిల్లలతో పోలిక అని అడగండి. వేలిముద్రలతో తెలివి చెబుతామనేవాళ్లకూ, కళ్లకు గంతలు కట్టి రంగులు చెప్పించే ‘మిడ్‌బ్రెయిన్’ క్లాసులకూ శాస్త్రంలో ఆధారం లేదు. గంతల పిల్లలు ముక్కు పక్క సందులోంచి చూస్తున్నారని హేతువాదులు ఎన్నోసార్లు బయటపెట్టారు. వేలకు వేలు పోసేది ఆ సందు కోసమే!

అసలు పరీక్షే లేకుండా పిల్లల ప్రతిభను గుర్తించిన ఇళ్లూ ఉన్నాయి. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌కు ఎవరూ పరీక్ష పెట్టలేదు. తండ్రి సంగీతం తెలిసినవాడు కనుక కొడుకు వేళ్లలో ఉన్నది ఆయన చెవిన పడింది. నేర్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు వాయించేవాడు.

ఇదంతా చెప్పాక పై ఫ్లాట్ ఆవిడ కాసేపు ఆలోచించి కొడుకును పిలిచింది. “ఆ నోటీసులో ఏముందో నీ మాటల్లో చెప్పు నాన్నా.”

“బండ లిఫ్టులో ఎక్కకూడదు,” అన్నాడు. ఒక్క క్షణం ఆగి, “మరి మనింటికి బండ తెచ్చే అంకుల్ నాలుగు అంతస్తులూ మోస్తాడా?”

ఆవిడ ఫోను పక్కన పెట్టి, వాడికి జవాబు వెతకడం మొదలుపెట్టింది.