సర్వే నమూనాలలో పునరావృత దత్తాంశ వర్గాలు: ఆవృత్తి హద్దుల నిర్ణయం

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చినది. ఆహార సర్వేలలో ఈ సంస్థ వాడిన 24 గంటల జ్ఞాపక పద్ధతి, సాఫ్ట్‌వేర్ నమూనా రూపొందించువారికి మంచి పాఠం. కుటుంబ వివరములు ఒక్కసారే నమోదగును. సభ్యులు, వంటకములు, ఒక్కొక్క వంటకములోని దినుసులు మాత్రం పలుమార్లు వచ్చును. ఇట్లు ఒకే అమరికతో మరల మరల వచ్చు అంశముల సముదాయమే పునరావృత దత్తాంశ వర్గం. అది కనీసం ఎన్నిసార్లు, గరిష్ఠంగా ఎన్నిసార్లు రావచ్చునో నమూనాలోనే నిర్వచించవలెను.

అంతకు ముందు, ఏ వర్గం దేనికింద పునరావృతమగునో తేలవలెను. ఒక ఇంట 200 గ్రాముల కందిపప్పుతో 1200 మిల్లీలీటర్ల పప్పు వండినారనుకొందము. అందులో 150 మిల్లీలీటర్లు తిన్న సభ్యునికి చెందు పచ్చి కందిపప్పు 25 గ్రాములు. కనుక దినుసులు వంటకము కింద ఒక్కసారి, తిన్న పరిమాణం సభ్యుని కింద ఉండవలెను. దినుసులను ప్రతి సభ్యుని కింద మరల వ్రాసినచో అయిదుగురున్న ఇంట 200 గ్రాములు కాస్తా కిలో అగును.

గరిష్ఠ హద్దును సగటును బట్టి పెట్టుట తరచుగా జరుగు పొరపాటు. అయిదు వంటకములకే చోటున్నచో ఆరవది పోవును. ఆ పోయినది సాధారణంగా చివర గుర్తుకు వచ్చు పండో, టీయో, చిరుతిండో. అనగా నష్టం యాదృచ్ఛికం కాదు, ఒకే వైపు మొగ్గును. సగటు నిల్వ స్థలమును అంచనా వేయుటకే పనికివచ్చును.

కనిష్ఠ హద్దు మరింత సున్నితమైనది. ఉపవాసమున్న సభ్యునికి వంటకములు సున్న. కనిష్ఠం 1 అని పెట్టినచో సమాచార సేకర్త ఏదో ఒకటి కల్పించి వ్రాయవలసి వచ్చును. వ్యవసాయ సర్వేలో సొంత కమతముల వర్గానికి ఇదే హద్దు విధించినచో భూమి లేని కౌలు రైతు నమోదుకే నోచుకోడు. కనిష్ఠమును సున్నగా ఉంచి, ‘లేదు’, ‘అడగలేదు’ అను రెండింటిని వేరుపరచు ప్రత్యేక గడి చేర్చుట మేలు. ఖాళీ గడి ఈ తేడాను చెప్పజాలదు.

పంటల నమోదులోనూ ఇంతే. పత్తిలో కంది అంతరపంటగా వేసిన కమతమునకు ఒకే వానాకాలంలో రెండు పంటలుండును. కమతము, కాలము, పంట అను మూడంచెల అమరిక లేనిదే రెండవది నమోదు కాదు. రెండింటికీ పూర్తి విస్తీర్ణం వ్రాసినచో ఎకరం రెండెకరములగును.

పరికరములు మారినను ప్రశ్న పాతదే. కోబాల్ భాషలో ఆవృత్తిని స్థిర సంఖ్యగా గాని, వేరొక అంశపు విలువపై ఆధారపడునట్లు గాని చెప్పవచ్చును. 1970లో కాడ్ ప్రతిపాదించిన సంబంధాత్మక నమూనాలో ఇట్టి వర్గములు వేరు పట్టికలగును. ఎక్స్‌ఎమ్‌ఎల్ స్కీమాలో హద్దులు పేర్కొననిచో కనిష్ఠం, గరిష్ఠం రెండును 1గానే గ్రహింపబడును. మరచిపోయినవారికి ఇది మౌనంగా తగులు దెబ్బ.

ప్రయోగాత్మక సర్వేలో గరిష్ఠ హద్దును తాకిన కుటుంబములెన్నో లెక్కించవలెను. ఒక్కటి తాకినను ఆ పత్రమును తెరచి, హద్దు దగ్గర వివరములు ముగిసినవో, తెగినవో చూచి, ఆ తరువాతనే నమూనాను ఖరారు చేయవలెను.