‘నీకిచ్చెదను’ అను కొండ

స్పెయిన్ దేశపు బార్సెలోనా నగరమునకు ముందు మధ్యధరా సముద్రము, వెనుక కొల్‌సెరోలా కొండలు. ఆ వరుసలో ఎత్తైన శిఖరము తిబిదాబో. ఎత్తు 512 మీటర్లు. లాటిన్ భాషలో ‘తిబి దాబో’ అనగా ‘నీకిచ్చెదను’. సైతాను క్రీస్తును కొండపైకి కొనిపోయి, లోకరాజ్యములన్నియు చూపి, తనకు మ్రొక్కినచో ఇవన్నియు నీకిచ్చెదనని ఆశపెట్టెనని బైబిలు కథ. ఆ మాటయే కొండకు పేరైనది.

ఎంతటి దృశ్యమైనను కొండ ఎక్కలేనివారికి దక్కదు. సాల్వడోర్ ఆంద్రెవు అను ఔషధ వ్యాపారి పూనికతో 1901లో కొండపైకి తీగరైలు నడిచినది. గిలకబావిలో రెండు చేదల వలె ఒక పెట్టె దిగుచుండగా రెండవది ఎక్కును. శిఖరమున వినోదవనము వెలసినది.

అచటి యంత్రములలో రెండింటిని చెప్పుకొందము. 1921 నాటి ‘తలాయా’ పని మన ఏతము పనియే. పొడవైన ఉక్కు దూలమునకు ఒక కొసన మనుషులెక్కు తొట్టి, రెండవ కొసన సరితూగు బరువు. బరువు దిగుచుండగా తొట్టి లేచి, సముద్రమట్టమునకు 551 మీటర్ల ఎత్తు చేరును. 1928 నాటి ‘ఆవియో’ బార్సెలోనా, మాడ్రిడ్ నగరముల మధ్య నడిచిన తొలి విమానమునకు ప్రతిరూపము. ఇనుప చేతికి వ్రేలాడు ఈ విమానమును త్రిప్పునది దాని పంకాయే. అది కొండ అంచు దాటగానే కిటికీలలో నగరమంతయు కనిపించును.

వేగమే వినోదమైనచోట పాత యంత్రము త్వరలోనే వెలవెలబోవును. అంతకంటె వేగమైనది మరునాడే వచ్చును. ఇచట వినోదమంతయు చూపులో ఉన్నది. తొట్టి మెల్లగా లేచుటయే మేలు. చూచువారికి తమ వీధిని వెదకికొను వ్యవధి చిక్కును. అందుచేతనే కాబోలు, వనమునకు క్రొత్త యంత్రములెన్ని వచ్చినను, 2021లో తీగరైలు పెట్టెలే మారినను, ఈ రెండును నిలిచినవి.

రేడియోవారమైన మాకు మరియొక విశేషము తోచుచున్నది. ఎత్తు చూపునకు ఇచ్చిన దూరమునే ప్రసార తరంగములకును ఇచ్చును. 1992లో ఈ కొండలమీదనే 288 మీటర్ల ప్రసార గోపురమును నిర్మించిరి.

సైతాను మాట పేరైన శిఖరముననే, 1902లో ఆరంభించి 1961లో ముగించిన క్రైస్తవాలయముపై, చేతులు చాచిన క్రీస్తు విగ్రహమున్నది. సైతాను లోకమును చూపి మ్రొక్కుమనెను. ఈ కొండ టికెట్టు మాత్రము పుచ్చుకొని, చూపవలసినదంతయు చూపి, సాయంకాలమునకు ఎవరి వీధికి వారిని దింపివేయును.