చింతపండుతో తోమిన చరిత్ర

పండగ వస్తోందంటే వెండి కుందులు చింతపండుతో తోమడం మనందరికీ అలవాటే కదా! ఆ అలవాటే ఒకసారి నా కొంప ముంచింది. ఎస్టేట్ సేల్‌లో దొరికిన వెండి అర డాలరు నల్లగా ఉందని, ఇంటికి రాగానే చింతపండు పెట్టి తళతళలాడేలా రుద్దేశాను. కాయిన్ షోలో ఒక పెద్దాయనకి మురిసిపోతూ చూపిస్తే తల పట్టుకున్నారు. రుద్దుడుకి టంకశాల నాటి పైపొర గీతలు పడి పోయిందట. చదివింది కెమిస్ట్రీ, చేసింది ఈ నిర్వాకం!

ఇంతకీ అది 1924 నాటి హ్యూగెనాట్-వలూన్ అర డాలరు. యూరప్ మత యుద్ధాల జ్ఞాపకం అమెరికా నాణెం మీదికెక్కిన అరుదైన సందర్భం. 1624లో ఇప్పటి న్యూయార్క్ ప్రాంతానికి ఓడలో వచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబాల మూడువందల ఏళ్ళ గుర్తుగా వేశారు. ఒకవైపు ఆ ఓడ, రెండోవైపు ఇద్దరి ముఖాలు: ఫ్రెంచ్ సేనాని కోలిన్యీ, డచ్చి నాయకుడు విలియం. 1572లో పారిస్‌లో సెయింట్ బార్తొలొమ్యూ మారణకాండలో కోలిన్యీని చంపేశారు. విలియం 1584లో హత్యకు గురయ్యాడు.

"అమ్మా, ఓడ రాకముందే చనిపోయినవాళ్ళ బొమ్మలు ఎందుకు వేశారు?" అని మా అబ్బాయి అడిగాడు. మా హాల్లో తాతగారి ఫోటో చూపించాను. ఆయనా అమెరికా గడ్డ మీద అడుగు పెట్టలేదు. వలస వచ్చినవాళ్ళు ఎవరి వల్ల ఇలా అయ్యామో వాళ్ళని తలుచుకుంటారు.

కానీ హాల్లో ఫోటో మన సొంతం, దేశం నాణెం అందరిదీ. చర్చి సంఘాలు సర్కారు నాణెంతో తమ మతానికి ప్రచారం చేసుకుంటున్నాయని అప్పట్లో విమర్శలు వచ్చాయి. అదీ కొట్టిపారేయలేని మాటే. ఎందుకంటే, 1572 మారణకాండను విజయంగా భావించి పోప్ పదమూడవ గ్రెగరీ ఒక పతకమే వేయించాడు. కత్తి, శిలువ పట్టిన దేవదూత, కింద కూలిన మనుషులు! అవే చావులు ఒక లోహం మీద పండగ, ఇంకో లోహం మీద త్యాగం.

సేకరించాలనుకునే మీకు రెండు మాటలు. ఈ నాణేలు 1,42,080 ముద్రించారు. అమ్ముడుపోని 55,000 మామూలు చలామణీలోకి వెళ్ళాయి. అందుకే అరిగినవీ దొరుకుతాయి. బరువు 12.5 గ్రాములు, 90 శాతం వెండి. నగల తూకం మీద నీళ్ళ కప్పు పెట్టి, సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగుకి తగలకుండా ముంచండి. అంకె 1.2 గ్రాముల దగ్గర ఉండాలి. బాగా తేడా వస్తే అనుమానించాల్సిందే. ఇక నలుపంటారా, అది గాలిలోని గంధకం చేసిన పొర. దాని జోలికి మాత్రం వెళ్ళకండి.

నేను పాడుచేసిన నాణెం అమ్మలేదు. తర్వాత కొన్న నల్లటిదాని పక్కనే పెట్టాను. ఎవరైనా అడిగితే ముందు మెరిసేదే చూపిస్తాను, తర్వాత నల్లటిది. ఏది నిజమైన పాతదో మా అబ్బాయి ఇప్పుడు ఇట్టే చెప్పేస్తాడు.