ఇంటిలో ఫిలిము కడుగుట: ఏ మందు ఎన్నుకొనవలెను?



మూడేండ్ల క్రిందట వైశాఖమాసమున మా అమ్మమ్మ మా యింటికి వచ్చి పదిదినము లుండెను. అప్పటి కామె వయస్సు 88 సంవత్సరములు. ఎవరైనను ఫోను చేతబట్టి బొమ్మ తీయబోయినచో కొంగు మొగమున కడ్డము పెట్టుకొనెడిది. మా మామగారి కాలమునాటి ఫిలిము కెమెరాను నేను పెట్టెలోనుండి తీసినప్పుడు మాత్రము నవ్వి, "మీ తాతయ్యకును ఇటువంటిదే యుండెడిదే అమ్మాయీ" యని, అరుగుమీద మోదుగాకులతో విస్తళ్ళు కుట్టుచు నా కెదురుగా కూర్చుండెను. ఆఱు బొమ్మలు తీసితిని. ఆ ఫిలిమును నేనే కడిగితిని, నేనే పాడుచేసితిని. ఆషాఢమున ఆమె కాలధర్మము నొందెను.

నేడు ఫిలిము కెమెరాలు మరల కొందఱి చేతులలో కనబడుచున్నవి. ఫిలిము కడుగు దుకాణములు చాలయూళ్ళలో మూతబడినందున, నలుపు తెలుపు ఫిలిమును ఇంటనే కడుగుకొనవలెనను కోరిక గలవారు మనలోను ఉన్నారు. మావారు పాఠశాలకు పోయి, వంట ముగిసిన పిదప మధ్యాహ్నవేళ చేసికొనదగిన పని యిది. పాలు తోడుపెట్టుటయు పాకము పట్టుటయు నెఱిగిన చేతికి కష్టమైన విద్య కాదు. కాని యే మందు కొనవలెనని అడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పుదురు. నేను పేరు విని మందు నెన్నుకొంటిని. మా యింటి నీటివేడిమిని చూడనైతిని. ఆ పొరపాటు మీకు జరుగకుండుటకై యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాను.

ఫిలిముపై నేమి జరుగును?

ఫిలిమనగా పలుచని పారదర్శకమైన పట్టీ. దానిపై జెలటిన్ అను బంకపదార్థపు పొరలో వెండిలవణముల సూక్ష్మకణములు పొదిగియుండును. వెలుతురు సోకిన కణములలో కంటికి కానరాని మార్పు కలుగును. డెవలపరు అను మొదటిమందు ఆ కణములను నల్లని వెండిగా మార్చును. రెండవది పుల్లనినీరు, అది డెవలపరు పనిని నిలుపును. మూడవది హైపో, అది వెలుతురు సోకక మిగిలిన వెండిలవణమును కరగించి తీసివేయును. హైపోకు వెండిలవణములను కరగించు గుణము కలదని ఇంగ్లండు దేశీయుడగు జాన్ హెర్షెల్ 1819లో కనుగొనెను. 1839లో ఛాయాచిత్రవిద్య లోకమునకు వెల్లడియైనప్పుడు, తీసిన బొమ్మ చెడక నిలుచుటకు ఆ గుణమే ఆధారమయ్యెను.

ఎన్నికలో చిక్కు పెట్టునది డెవలపరే. అందు సామాన్యముగా నాలుగు దినుసులుండును. మెటోల్, హైడ్రోక్వినోన్ వంటివి లవణమునుండి వెండిని బయటికి తెచ్చును. వెలిగారముగాని బట్టలసోడాగాని క్షారగుణము నిచ్చి వానికి బలము చేకూర్చును. సోడియం సల్ఫైటు, గాలి తగిలి మందు చెడకుండ కాపాడును. పొటాసియం బ్రోమైడు, వెలుతురు సోకని కణములు నల్లబడకుండ అదుపుచేయును. ఇది కొన్ని మందులలో నుండదు. క్షారము హెచ్చినకొలది మందు చురుకుదనము హెచ్చును. జెలటిన్ ఉబ్బుటయు హెచ్చును. ఈ కడపటి మాటను జ్ఞాపకముంచుకొనుడు.

మూడు విధములైన డెవలపర్లు

మొదటిది డి-76. కొడాక్ సంస్థవారు 1927లో దీనిని ప్రకటించిరి. ఇల్ఫర్డువారి ఐడి-11 దాదాపు ఇదియే. పొట్లముగా కొనవచ్చును, సన్నని తూకము తూచు త్రాసున్నచో ఇంటనే కలుపుకొనవచ్చును. ఒక లీటరునకు పాళ్ళివి: మెటోల్ 2 గ్రాములు, నీరులేని సోడియం సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారము 2 గ్రాములు. 50 డిగ్రీల వేడినీరు 750 మి.లీ. తీసికొని, అందు చిటికెడు సల్ఫైటు వేసి, పిదప మెటోలును కరగింపవలెను. ఆ తరువాత మిగిలిన సల్ఫైటు, హైడ్రోక్వినోన్, వెలిగారము వరుసగా వేసి, చన్నీటితో లీటరునకు నింపవలెను. సల్ఫైటంతయు ముందే వేసినచో మెటోల్ సరిగా కరగదు. ఒకరాత్రి నిలువనిచ్చి వాడుట మంచిది. దీని క్షారము మృదువైనది. తెలుపునకును నలుపునకును నడుమనుండు బూడిదవన్నెలను చక్కగా చూపును. సీసా మెడవఱకు నింపి మూసిన నెలలకొలది నిలుచును. సగము ఖాళీయైన సీసాలో త్వరగా చెడును. కావున నెలకు రెండుమూడు ఫిలిములు కడుగువారి కిది తగును.

రెండవది రోడినాల్. 1891లో జర్మనీదేశమున మోమె ఆండ్రెసెన్ అను రసాయనవేత్త కల్పించినది. ఇది చిక్కని ద్రావకము. ఒకపాలు మందునకు 50 పాళ్ళు నీరు కలిపి, ఒకమారు వాడి విడిచిపెట్టుదురు. 300 మి.లీ. తొట్టికి 6 మి.లీ. చాలును, సూదిలేని సిరంజితో కొలుచుకొనవచ్చును. దీని మేలెల్ల నిలువయందున్నది. సీసా తెఱచిన తరువాతను ఏండ్లతరబడి చెడదు. రంగు ముదిరి కాఫీకషాయమువలె నైనను పనిచేయును. బొమ్మలో రేణువులు కొంచెము స్పష్టముగా కనబడుట దీని లక్షణము. దానిని మెచ్చువారును గలరు. పండుగకో పెండ్లికో ఏడాదికి రెండు ఫిలిములు తీయువారి కిది మేలు.

మూడవది కాఫీమందు. దీనిని కెఫినాల్ అందురు. 1995లో అమెరికాలో రోచెస్టరు సాంకేతికవిద్యాలయమున స్కాట్ విలియమ్స్ అను అధ్యాపకుడును ఆయన శిష్యులును కాఫీలోని పదార్థములు ఫిలిమును కడుగునని చూపిరి. తరువాతివారు విటమిన్ సి చేర్చి దానికి బలము కూర్చిరి. వాడుకలోనున్న యొక పాళ్ళివి: లీటరునకు నీరులేని బట్టలసోడా 54 గ్రాములు, విటమిన్ సి 16 గ్రాములు, ఇన్‌స్టంటు కాఫీపొడి 40 గ్రాములు, 20 డిగ్రీల వేడిమిలో 15 నిమిషములు. బజ్జీపిండిలో వేయు వంటసోడా పనికిరాదు. చికోరి కలిసిన పొడిలో కాఫీపాలు తగ్గును గనుక అదియు వలదు. చౌకయైన రోబస్టాపొడి దీనికి బాగుగా పనిచేయును. అరకులోయ అరబికాను త్రాగుటకే యుంచుకొనుడు. కలిపిన నాడే వాడవలెను. వాసన మాత్రము కాఫీవాసన కాదు, ముక్కు మూసికొనవలసినదే.

అమ్మమ్మ ఫిలిమునకు నేను వాడినది ఈ మూడవమందు. వంటింటి సరకులతోనే జరుగునని సంతోషించి, వ్రాసియున్నట్లు 15 నిమిషములు ఉంచితిని. ఆనాడు మా కుళాయినీరు 34 డిగ్రీలున్నదని తరువాత కొలిచి తెలిసికొంటిని. హైపో పోసిన పిదప తొట్టి చేతికి వెచ్చగా తగులుటచే భయపడి ఫ్రిజ్జులోని నీటితో కడిగితిని. వేడినీటిలో, అంతటి క్షారములో ఉబ్బియున్న జెలటిన్ ఒక్కసారి చలి తగులుటచే ముడుతలు పడి, ఎండిన చెఱువడుగువలె బీటలు వాఱెను. అంచులయందు పొర ఊడివచ్చెను.

నీటివేడిమి

మందుపొట్లములపై వ్రాయు కాలము సామాన్యముగా 20 డిగ్రీలకు చెప్పినది. మన కోస్తాజిల్లాలలో పుష్యమాసపు తెల్లవాఱుజామున తప్ప నీరట్లుండుట యరుదు. వేడిమి హెచ్చిన కాలము తగ్గింపవలెను. కాని అయిదునిమిషములకన్న తగ్గినచో బొమ్మ ఎగుడుదిగుడుగా తేలును. దీనికి ఉపాయము మందును పలుచనచేయుట. ఇల్ఫర్డువారి హెచ్.పి.5 ప్లస్ ఫిలిమునకు పలుచనచేయని ఐడి-11లో 20 డిగ్రీలయొద్ద 7½ నిమిషములు. సమానముగా నీరు చేర్చినచో 13 నిమిషములు. ఆ పలుచనిమందే 24 డిగ్రీలయొద్ద సుమారు 9 నిమిషములలో పని ముగించును. ఇట్లు మన వేడిమికి తగినంత వ్యవధి మిగులును. సరియైన కాలమును ఫిలిముతో వచ్చు కాగితమున చూచుకొనుడు.

24 డిగ్రీలకు తెచ్చుటకు వెడల్పు పళ్లెములో మంచుముక్కలు కలిపిన నీరు పోసి సీసాల నందుంచవలెను. మంచును మందులో వేయరాదు. పొడిగాలి యుండు రాయలసీమలోను తెలంగాణమునను మట్టికుండ నీటిని బాగుగా చల్లబఱచును. తేమగాలి గల సముద్రతీరమున అంతగా చల్లబఱుపదు. డెవలపరు, పుల్లనినీరు, హైపో, కడుగునీరు నాలుగును రెండుడిగ్రీలకు మించి భేదింపకూడదు. ఈ యొక్క నియమము నాడు నాకు తెలిసియున్న చాలును. వేడిదేశములకై చెప్పిన పాత యోగములలో జెలటిన్ ఉబ్బకుండుటకు సోడియం సల్ఫేటు చేర్చుదురు. సల్ఫైటు వేఱు, సల్ఫేటు వేఱు. కొనునప్పుడు చీటిని రెండుమార్లు చదువుడు.

బోరునీటిలో లవణములు మెండు. డెవలపరు కలుపుటకును కడపటి కడుగునకును బ్యాటరీలకు పోయు శుద్ధజలము వాడినచో ఆఱిన ఫిలిముపై తెల్లని మచ్చలు పడవు.

పుల్లనినీరు, హైపో

లీటరునీటిలో 15 గ్రాముల నిమ్మఉప్పు కరగించిన పుల్లనినీరు సిద్ధము. హైపోపలుకులు లీటరునకు 250 గ్రాములు. ఇవి కరగునప్పుడు పాత్ర చల్లబడును. కావున గోరువెచ్చని నీటిలో కరగించి, వేడిమి చూచి వాడవలెను. అమోనియం థయోసల్ఫేటుతో చేసిన ద్రావకము వెల యెక్కువ, పని త్వరితము. ఫిలిముముక్క నొకదానిని ముందుగా హైపోలో వేసి, ఎన్ని నిమిషములకు తేటపడునో చూచి, దానికి రెట్టింపుకాల ముంచుడు. తేటపడుట బాగుగా ఆలస్యమైనచో ఆ హైపో పని ముగిసినదని తెలియవలెను.

జాగ్రత్తలు

మెటోల్ కొందఱి చేతులకు దద్దురు పుట్టించును. రబ్బరుతొడుగులు లేక ముట్టరాదు. దద్దురు వచ్చినవారు మెటోలునకు బదులు ఫెనిడోన్ గల మందును కొనవచ్చును. పొడులు కలుపునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. గర్భిణులు ఆ పని మానుటయే మేలు. గిన్నె, గరిటె, గరాటు వేఱుగా నుంచి, మరల వంటకు వాడకుడు. సీసాలపై పేరు, తేది వ్రాసి పిల్లల కందనిచోట తాళములో పెట్టుడు. కాఫీమందును చూచి పిల్లలు కాఫీయని భ్రమింతురు. దానిని గ్లాసులో నెన్నడును పోయకుడు. వాడిన హైపోలో వెండి యుండును. అది చేపలకు హాని. నూతిప్రక్కను, చెట్టుమొదటను పోయక, సీసాలో చేర్చి వెండి తీయువారి కిచ్చుట మంచిది.

ఫిలిమును తొట్టిలోనికి చుట్టునప్పుడు కటికచీకటి యుండవలెను. నేటి ఫిలిములలో పెక్కింటికి ఎఱ్ఱదీపమును పనికిరాదు.

ఇప్పుడు నేను ఐడి-11ను సమానముగా నీరు చేర్చి వాడుచున్నాను. వేసవిలో ఫిలిములను ఫ్రిజ్జులో దాచి, తొలకరి పడి నీరు చల్లబడిన పిదప కడుగుదును. పోయిన మార్గశిరమున మా అత్తగారి బొమ్మ తీసి కడుగగా, ఆమె చెవికమ్మల రవ్వలవఱకు తేటగా వచ్చినది. అమ్మమ్మ ఫిలిమును పాఱవేయలేదు. ఆఱింటిలో నొకదానియందు, పగుళ్ళ నడుమ, విస్తరి కుట్టుచున్న చేతులు మాత్రము తెలియుచున్నవి.

మీరు మొదటి రెండు ఫిలిములను తులసికోటకో, పెరటిలోని యరటిచెట్టునకో, నడవలోని యుయ్యాలకో వినియోగింపుడు. చెడిపోయినచో మఱునాడు మరల తీయవచ్చును. చేయి కుదిరిన తరువాతనే యింటి పెద్దలను కూర్చుండబెట్టుడు.