మీకు తెలుసా? శానిటైజర్‌కు లొంగని మొండి జలుబు!

ఉప్పల్ రింగ్ రోడ్డులో యాదగిరిగుట్ట బస్సు కోసం నిలబడ్డారు. పక్కాయన గట్టిగా తుమ్మాడు. "మామూలు సర్దే లెండి" అన్నాడు. కావొచ్చు. కానీ ఆ తుమ్ములో అడినోవైరస్ కూడా ఉండొచ్చు! ఇది ఒక్కటి కాదండోయ్. మనుషులకు సోకే రకాలే ఇప్పటికి 100 దాటాయి! ఒకటి గొంతు పట్టుకుంటే, ఇంకోటి కళ్ళు, మరోటి కడుపు!

చిన్నపిల్లల జబ్బు అనుకుంటున్నారా? పెద్దలనూ వదలదు! పెద్దవాళ్ళకొచ్చే శ్వాసకోశ ఇన్ఫెక్షన్లలో నూటికి 1 నుంచి 7 దాకా దీని పనే. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చిన అన్నకు జ్వరం, గొంతునొప్పి, దగ్గు. ఫ్లూ అనుకుంటాడు. అచ్చం అలాగే ఉంటుంది మరి! స్వాబ్ తీసి పీసీఆర్ చేస్తే తప్ప తేలదు.

దీన్ని తొలిసారి ఎక్కడ పట్టుకున్నారో చెప్పుకోండి! రోగుల దగ్గర కాదు. అమెరికాలో పిల్లల ముక్కు వెనక నుంచి ఆపరేషన్ చేసి తీసేసిన కణజాలంలో! ల్యాబులో పెంచుతుంటే ఆ కణాలు వాటంతటవే చచ్చిపోసాగాయి. చూస్తే లోపల వైరస్! అది 1953. జ్వరం తగ్గాక కూడా ఇది టాన్సిల్స్‌లో నెలల తరబడి నక్కి ఉండగలదు. మనకు తెలియను కూడా తెలియదు!

జేబులో శానిటైజర్ బుడ్డి ఉందని ధీమానా? ఇక్కడ దాని పప్పులు అంతగా ఉడకవు! కరోనా వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. ఆల్కహాల్ తగిలితే కరిగిపోతుంది. అడినోవైరస్‌కు ఆ పొరే లేదు! ఉన్నదల్లా 20 ముఖాల గట్టి ప్రోటీన్ డబ్బా. సబ్బు పెట్టి, నీళ్ళ కింద బాగా రుద్ది కడగాల్సిందే. ముఖాలు 20, రుద్దాల్సిన సెకన్లూ 20! గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా తేలికేముంది?

మెట్రోలో పట్టుకునే కడ్డీ, హాస్టల్ తలుపు గడియ, లిఫ్టు బటన్... పొడి వస్తువుల మీద ఇది 3 నెలల దాకా బతకగలదు! సంక్రాంతికి అంటుకుంటే ఉగాది దాకా!

జ్వరం, గొంతునొప్పి, వాటికి తోడు ఎర్రబడ్డ కళ్ళు. మూడూ ఒకేసారి వచ్చాయా? అడినోవైరస్‌ను అనుమానించవచ్చు! క్లోరిన్ సరిగా కలపని ఈతకొలనులో మునిగినా అంటుకుంటుంది. పైగా ఒంట్లో చేరాక 14 రోజుల దాకా చప్పుడు చెయ్యకపోవచ్చు!

ఇప్పుడు అందరం చేసే పని. మెడికల్ షాపుకెళ్ళి "అజిత్రోమైసిన్ ఇవ్వన్నా" అంటాం. ఈ వైరస్‌ను చంపడానికి కావలసిన యాంటీబయోటిక్ బిళ్ళలు ఎన్నో తెలుసా? 0! విశ్రాంతి, మంచినీళ్ళు, జ్వరానికి పారాసిటమాల్. చాలామందికి అంతే. ఆయాసం వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి!

ఎందుకంటే ఇది అప్పుడప్పుడు కోరలు చూపిస్తుంది! 14వ రకం 1955లోనే నెదర్లాండ్స్‌లో కనిపించింది. ఏళ్ళ తరబడి పెద్దగా వార్తల్లో లేదు. ఉన్నట్టుండి 2007లో అమెరికాలో విరుచుకుపడింది. మూడు రాష్ట్రాల్లో 140 మందికి సోకింది. వాళ్ళలో 9 మంది చనిపోయారు! జబ్బు పడినవాళ్ళలో ఎక్కువమంది ఎవరనుకున్నారు? కసరత్తులు చేసే కుర్ర సైనికులు!

సైన్యం అంటే గుర్తొచ్చింది. ఇది మాత్రం నమ్మలేరు! అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకు 2 బిళ్ళలు ఇస్తారు. వాటిలో ఏముంటుంది? బతికున్న అడినోవైరస్! నీరసపరిచింది కూడా కాదు. నిఖార్సయిన వైరస్! నమలకూడదు, గుటుక్కున మింగేయాలి. బిళ్ళ మీది పూత గొంతునూ కడుపునూ దాటించి పేగుల్లో విప్పుకుంటుంది. అక్కడ జబ్బు చెయ్యదు, రోగనిరోధక శక్తి మాత్రం వచ్చేస్తుంది! 1971లో మొదలైన ఈ టీకా 1999లో నిండుకుంది. శిబిరాల్లో జ్వరాలు మళ్ళీ లేచాయి. చివరికి 2011లో వెనక్కి తెచ్చారు! మనలాంటి మామూలు జనానికి మాత్రం దొరకదు. అన్యాయం కదూ!

ఇక మన ఊరి సంగతి! జలుబు తెచ్చే ఈ వైరస్‌నే లొంగదీసి టీకా మోసే బండిగా మార్చారు. పరీక్షల దశ దాటాక మన దేశంలో కరోనా టీకా స్పుత్నిక్ వి తొలి డోసు వేసింది ఎక్కడో తెలుసా? హైదరాబాద్‌లోనే! 2021 మే 14న! మొదటి డోసులో ఒక రకం అడినోవైరస్, రెండో డోసులో ఇంకో రకం!

సూది అంటే భయమా? మన హైదరాబాద్ భారత్ బయోటెక్ ముక్కులో వేసే చుక్కలే తెచ్చింది! ఇన్‌కోవాక్. ఒక్కో ముక్కు రంధ్రంలో 4 చుక్కలు, అంతే! మోసేది చింపాంజీల అడినోవైరస్!

ఇంకాస్త దగ్గరికి రండి. హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ. ఈ ల్యాబుల్లో వాడే కణాల్లో హెక్ 293 అని ఒక రకం ఉంది. ప్రపంచమంతా అవే వాడుతుంది. వాటి లోపల ఏం దాగుందో తెలుసా? అడినోవైరస్ డీఎన్ఏ ముక్క! 1973లో నెదర్లాండ్స్‌లో ఫ్రాంక్ గ్రాహమ్ దాన్ని చొప్పించాడు. అందుకే ఆ కణాలకు చావులేదు, పెరుగుతూనే ఉంటాయి! మరి ఆ 293 ఏమిటి? ఆయన ప్రయోగం నంబరు!

జన్యువు ఒకే ముక్కగా ఉండదని, మధ్యలో పనికిరాని భాగాలను కణం కత్తిరించి అతికిస్తుందని చూపించింది కూడా ఈ జలుబు వైరసే! రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌లకు నోబెల్ తెచ్చిపెట్టింది. ఆ సంగతి బయటపడింది 1977లో. సీసీఎంబీ పుట్టిందీ అదే ఏడాది!

ఇంట్లో యూవీ వాటర్ ఫిల్టర్ ఉందా? అతినీలలోహిత కాంతికి నీటిలోని సూక్ష్మజీవుల్లో దాదాపు అన్నిటికన్నా మొండిది ఇదే! విరేచనాలు తెప్పించే జియార్డియాను చంపే కాంతికి 8 రెట్లు పైగా కావాలి! మరిగించారో, చచ్చి ఊరుకుంటుంది.

చివరగా కోడిగుడ్డు సంగతి! పెట్టలు ఉన్నట్టుండి పెంకు లేని తోలుగుడ్లు పెడతాయి. 1976లో బయటపడిన ఆ రోగానికి కారణం... మళ్ళీ అడినోవైరసే! అసలు అది బాతులది. మనుషులకు అంటదు. ఆమ్లెట్ నిశ్చింతగా వేసుకోండి!