తాగనివాడికి తాగుబోతు జబ్బు

మా లింగాల ఘనపురంలో ఎవరికైనా లివరు చెడిందని తెలిస్తే, ఎందుకు చెడిందని ఎవరూ అడగరు. ఎన్నేండ్ల నుంచి తాగుతున్నాడని అడుగుతారు.

నేను కల్లు ముట్టినవాణ్ణి కాను. సారా వాసన దూరం నుంచి తప్ప ఎరగను. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. నాకున్న వ్యసనమల్లా వేడి అన్నంలో పప్పు, మారన్నంలో పచ్చిపులుసు, చివరకు పెరుగన్నం. అటువంటి నేను గత సంవత్సరం కడుపులో మంటగా ఉన్నదని జనగామ వెళ్ళి స్కానింగ్ తీయించుకొంటే, కాగితం మీద ‘ఫాటీ లివర్, రెండవ గ్రేడు’ అని వచ్చింది. మరునాడు బస్సుకోసం నిలబడి ఉండగా మా ఊరి పెద్దమనిషి ఒకాయన నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, “ఏం సారూ, పిల్లగాండ్లకు పద్యాలు చెప్పెటోళ్ళు, మీరు గూడ మొదలువెట్టిన్రా?” అని అడిగాడు.

నవ్వు రావలసిన చోట నాకు నవ్వు రాలేదు. మా మేనమామ జ్ఞాపకం వచ్చాడు.

మా మామ స్థూలకాయుడు. చక్కెర వ్యాధి ఉండేది. యాభై దాటాక పొట్టలో నీరు చేరింది, కళ్ళు పచ్చబడ్డాయి, రక్తం కక్కుకొని పోయాడు. “దొంగచాటుగా తాగి ఉంటాడు” అన్నది ఊరు. తాళ్ళెక్కే గౌడే వచ్చి, “ఆయన నా చెట్టుకింద ఒక్కనాడు కూసోలేదు” అని సాక్ష్యం చెప్పినా నమ్మినవాడు లేడు. నిజం చెప్పవద్దూ, నేనూ పూర్తిగా నమ్మలేదు.

ఈ సంగతి డాక్టరమ్మకు చెప్పాను. “ఆనాటి పరీక్షల కాగితాలు లేకుండా మీ మామగారి జబ్బేమిటో నేను చెప్పలేను. కాని, తాగకుండానే కాలేయం అంతదాకా చెడిపోవడం ఉన్నదే” అన్నది. ఆ తర్వాత నా జబ్బు సంగతి నాకు బోధపరచింది.

ఆరోగ్యవంతుడి కాలేయం సుమారు ఒకటిన్నర కిలో ఉంటుంది. కుడివైపు పక్కటెముకల చాటున కూర్చొని, మనం తిన్నదాన్ని దాచవలసింది దాచి, పంచవలసింది పంచుతుంది. ఒకవిధంగా అది మన ఒంట్లో గరిసె. అయితే అన్నంలోంచి వచ్చిన చక్కెరను చక్కెరగా నిలవ చేసుకోవడానికి దానికున్న చోటు చాలా తక్కువ, సుమారు 100 గ్రాములు. ఒళ్ళు వంచి పనిచేసేవాడు ఆ నిలవను ఎప్పటికప్పుడు ఖర్చు పెడతాడు. నావలె కుర్చీలో కూర్చొనేవాడు పెట్టడు. గరిసె నిండాక వచ్చినదాన్ని కాలేయం కొవ్వుగా మార్చి తనలోనే కుక్కుకొంటుంది. ఆ కొవ్వు 5 శాతం మించితే జబ్బు కింద లెక్క. కొందరిలో అది అక్కడితో ఆగుతుంది. కొందరిలో కాలేయం వాచి, మచ్చలు పడి, చివరకు గట్టిపడుతుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. చాలామందికి నావలె వేరే పనిమీద వెళ్ళినప్పుడే బయటపడుతుంది.

“నేను నెయ్యి కూడా ఎక్కువగా తినను గదా, కొవ్వెక్కడిదమ్మా?” అన్నాను.

“అన్నం తింటారు గదా” అన్నది.

భాషా పండితుణ్ణి గనుక నాకు అక్కడ ఒక మాట తోచింది. లాటిన్‌లో కాలేయాన్ని ‘యేకుర్’ అంటారు. మన సంస్కృత ‘యకృత్తు’కు అది జ్ఞాతి. రోమనులు పశుపక్ష్యాదులకు అంజూరపండ్లు మేపి, కొవ్వెక్కిన వాటి కాలేయాన్ని ఇష్టంగా తినేవారు. ‘అంజూరంతో బలిసినది’ అనే అర్థంలో దాన్ని ‘ఫికాతుమ్’ అన్నారు. కాలక్రమాన పాత పేరు పోయి, ఫ్రెంచి, ఇటాలియను, స్పానిష్ భాషలలో ఆ ఫికాతుమే రూపం మారి కాలేయానికి పేరయి కూర్చున్నది. ఆ బాతులు సారా తాగలేదు, నెయ్యీ తినలేదు. పండ్లు తిని బలిశాయి. ఇప్పుడు ఫ్రాన్సులో మొక్కజొన్న మేపి అదే పని చేస్తున్నారు. ధాన్యంతో కాలేయానికి కొవ్వు పట్టించే విద్య మనుషులకు రెండు వేల ఏళ్ళకు పైగా తెలుసునన్నమాట. తమకూ పట్టుతుందన్న సంగతే ఆలస్యంగా తెలిసింది.

1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు, 20 మంది రోగుల కాలేయపు ముక్కలను పరీక్షించి, తాగుబోతుల కాలేయంలో కనిపించే మార్పులే తాగనివారిలోనూ ఉన్నాయని ప్రకటించారు. మద్యంతో సంబంధం లేనిదని దానికి పేరు పెట్టారు. కాని పేరులో మద్యం ఉన్నంతకాలం రోగి మీద అనుమానమూ ఉంటుంది. 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు కూడి, మద్యమనే మాటనూ కొవ్వనే మాటనూ తీసివేసి, ఒంటి జీవక్రియ చెడడం వల్ల వచ్చే జబ్బని కొత్త పేరు పెట్టాయి. మా ఊరి బస్సు స్టాండుకు ఆ వార్త ఇంకా రాలేదు.

ఇది పల్లెలో నా ఒక్కడి బాధ కాదు. హైదరాబాదులో కంప్యూటరు కొలువులు చేసే 345 మందిని హైదరాబాదు విశ్వవిద్యాలయం వారు, ఏఐజీ ఆసుపత్రి వారు పరీక్షించి 2025లో ప్రకటించిన లెక్క ప్రకారం, నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు ఉన్నది.

మరి చికిత్స? 2024లో అమెరికాలో ఒక మందుకు అనుమతి వచ్చింది గాని, అది మచ్చలు బాగా పడినవారికి. అదైనా పథ్యం, వ్యాయామాలతో కలిపే వాడాలట. నావంటివాడికి పథ్యమే మందు. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తీస్తుంది. నా బరువు 82 కిలోలు. అంటే ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గాలి. వారానికి అరకిలో చొప్పున, అంతకన్న తొందర పడవద్దన్నది డాక్టరమ్మ.

నేను తొందరపడ్డాను. రాత్రి భోజనం మానివేశాను, పగలు రెండు జామపండ్లతో సరిపెట్టాను. పదోరోజున పాఠం చెబుతూ బల్ల పట్టుకొని కూలబడ్డాను. డాక్టరమ్మ గట్టిగా చీవాట్లు పెట్టింది. ఒక్కసారిగా మాడిస్తే ఒంట్లోని కొవ్వంతా కరిగి కాలేయం మీదికే పరుగెత్తుతుందట. చక్కెర మాత్రలు వేసుకొనేవారు ఇట్లా చేస్తే ప్రాణానికే ముప్పు.

అప్పుడామె కాగితం మీద ఒక పళ్ళెం గీసింది. సగం పళ్ళెం కూరలు: బీర, సొర, గోకర, పుంటికూర, తోటకూర ఏదైనా సరే. పావు పళ్ళెం అన్నమో రొట్టెనో. మిగిలిన పావు పప్పు, బొబ్బెర్లు, ఉలవలు, గుడ్డు, చెరువు చేప. చాయలో చక్కెర వద్దు. బెల్లం మంచిది గదా అంటే, కాలేయానికి ఆ తేడా తెలియదన్నది. పండు తినవచ్చు, రసం పిండి తాగరాదు. సీసా పానీయాలు, బేకరీ సరుకు, మరిగిన నూనెలోనే మళ్ళీ వేయించిన మిరపకాయ బజ్జీలు బంద్. చక్కెర లేని కాఫీ మేలే. లివరు టానిక్కులు, చెట్టు మందులు అడగకుండా మింగవద్దు. ఏ మందైనా దాటిపోవలసింది ఆ కాలేయం మీదుగానే.

పళ్ళెం గీయడం సులువు. దాన్ని మా అమ్మ ముందు పెట్టడం కష్టం. మొదటిరోజు నేను మారన్నం వద్దని చెయ్యి అడ్డం పెడితే ఆమె గంటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. నేను పాండిత్యం చూపించబోయి, “మీ కాలంలో జొన్న గట్క తిని ఎంత ఆరోగ్యంగా ఉండేవారమ్మా!” అన్నాను.

“గట్కను మెచ్చుకునెటోనికి గట్క తిన్న బాధ తెల్వది బిడ్డా. తెల్లబువ్వ పండుగనాడే కనవడేది. నీకు కడుపునిండ పెట్టాలనే గద నేను నాట్లేసింది” అన్నది.

నాకు మాట పెగల్లేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు మా మెట్ట పల్లెలలో అది ఉత్త ధాన్యం కాదు, మర్యాద. 2025 ఉగాది నుంచి రేషను దుకాణంలో సన్నబియ్యమే ఇస్తున్నారు. అన్నం తప్పు చేయలేదు. నాటువేసే అమ్మ తినవలసినంత అన్నం, కుర్చీలో కూర్చొనే కొడుకు తినడమే తప్పు. జొన్నరొట్టె అయినా అదుపు లేకుండా తింటే గరిసె నింపేదే. ఆ మాట అమ్మకు ఇంకొక తీరుగా చెప్పాను: “అన్నం తగ్గించు, కూర మారు వడ్డించు.” వడ్డించే చెయ్యి ఆగనక్కర లేదని తెలిశాక ఆమె ఒప్పుకొన్నది. ఇప్పుడు నేను వద్దన్నా పుంటికూర వేస్తుంది.

పొద్దున జీడికల్ దారి పట్టి అరగంట నడుస్తాను, వారానికి అయిదురోజులు. బతుకమ్మ పండుగకు సద్దుల మలీద చేతిలో పెడితే కాదనలేక కిలోన్నర పెరిగాను. మళ్ళీ తగ్గాను. ఎనిమిది నెలలకు 75 కిలోలకు వచ్చాను. రెండవ గ్రేడు మొదటిది అయింది. జబ్బు పూర్తిగా పోలేదు. పళ్ళెం మరిచిపోతే తిరిగివస్తుంది.

మొన్న బస్సు స్టాండులో ఆ పెద్దమనిషే మళ్ళీ నన్ను పక్కకు పిలిచాడు. చేతిలో స్కానింగ్ కాగితం. “మా కోడలుది సారూ. గిండ్ల గూడ గదే రాసిన్రట. కాని ఆమె తాగది సారూ!” అన్నాడు. గొంతు వణికింది.

“నాకు తెలుసు తాతా. నేనూ తాగను” అని, జేబులోంచి ఆ పళ్ళెం బొమ్మ తీసి విడమరచి చెప్పాను. అంతా విని, కాసేపు నేల చూస్తూ ఊరుకొన్నాడు.

“అయితే మీ మామ గూడ తాగలేదా ఏంది?”

“తాగలేదు” అన్నాను.